కొవ్వూరుకు కలెక్టర్ రాజమండ్రిలో, జిల్లా జడ్జి ఏలూరులో

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజు కొవ్వూరు, నిడదవోలు పశ్చిమ గోదావరి నుంచి విడిపోయి, రాజమహేంద్రవరం కేంద్రంగా ఏర్పడ్డ కొత్త తూర్పు గోదావరిలో చేరాయి. కొవ్వూరు వాళ్లకు ఇది కలిసొచ్చిన మార్పే. వంతెన దాటితే కలెక్టరేటు. కానీ అదే ఊళ్లో పొలం గట్టు తగాదా మీద దావా నడుపుతున్నవాళ్ల పరిస్థితి ఆ నోటిఫికేషన్‌తో వెంట్రుకవాసి కూడా మారలేదు. కొవ్వూరు కోర్టులు ఎప్పటిలాగే ఏలూరు జిల్లా కోర్టు కిందే ఉండిపోయాయి. కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి గానీ వాటి కోర్టులు మచిలీపట్నం కిందే ఉన్నాయి. అమలాపురం కొత్త జిల్లా కేంద్రమై కలెక్టర్, ఎస్పీ వచ్చారు. జిల్లా కోర్టులకు పెద్ద అయిన ప్రిన్సిపల్ జిల్లా జడ్జి మాత్రం రాజమండ్రిలోనే ఉన్నారు.

చాలామంది దీన్ని ప్రభుత్వం మధ్యలో వదిలేసిన పని అనుకుంటారు. అసలు సంగతి వేరు. రెవెన్యూ జిల్లాను పుట్టించే చట్టం ఒకటి, కోర్టు జిల్లాను పుట్టించే చట్టం మరొకటి. మొదటిది 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల ఏర్పాటు చట్టం. దాని కింద ప్రభుత్వం ముసాయిదా ప్రకటించి, జనం అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ ఇస్తే పని అయిపోతుంది. రెండోది 1972 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ కోర్టుల చట్టం. క్రిమినల్ కోర్టుల సంగతి కేంద్రం తెచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత చూస్తుంది. కోర్టుల హద్దులు మార్చాలంటే హైకోర్టును సంప్రదించడం తప్పనిసరి. ఆ సంప్రదింపు లేకుండా జిల్లాలు మారినంత మాత్రాన కోర్టులు వాటంతటవే మారిపోవు.

ఈ విడదీత మంచిదే. ఈ దేశంలో కోర్టుకెక్కే కక్షిదారుల్లో అందరికన్నా పెద్దది ప్రభుత్వమే. భూసేకరణ పరిహారం, పోరంబోకు ఆక్రమణ, కాంట్రాక్టర్ల బిల్లులు, ఉద్యోగుల జీతాలు, ఇలా ఎన్నో కేసుల్లో అది ఒక పక్షం. తాను పక్షంగా ఉన్న కేసు ఏ జడ్జి ముందుకు వెళ్లాలో తేల్చే గీతను కూడా ఆ ప్రభుత్వమే ఒక్క సంతకంతో జరపగలిగితే న్యాయం మీద నమ్మకం నిలవదు. కాబట్టి కోర్టు పటం రెవెన్యూ పటం కంటే నెమ్మదిగా మారడంలో తప్పు లేదు. తప్పంతా ఆ నెమ్మదికి గడువంటూ లేకపోవడంలో ఉంది. ఆ ఆలస్యానికి ఖర్చు పెట్టుకునేది వాయిదాకు తిరిగే మనిషి.

గోదావరి జిల్లాల వాళ్లకు ఈ రెండు పటాల సంగతి కొత్త కాదు. ఉమ్మడి తూర్పు గోదావరికి కలెక్టర్ కాకినాడలో ఉంటే జిల్లా జడ్జి రాజమండ్రిలో ఉండేవారు. బ్రిటిష్ కాలం నుంచీ అంతే. రేవు, ఓడల వ్యాపారం కాకినాడను పెంచాయి. కోర్టు మాత్రం రాజమండ్రిని వదల్లేదు. 1859లో ఏర్పడ్డ గోదావరి జిల్లాలో నదికి రెండు ఒడ్లూ ఉండేవి. తర్వాత పడమటి ఒడ్డు కృష్ణా జిల్లాలో కలిసింది. అక్కడి నుంచి 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి వచ్చింది. ఆ గీత నది వెంట పడింది. 2022లో రెవెన్యూ వాళ్లు దాన్ని కొవ్వూరు దగ్గర చెరిపేశారు, కోర్టులకు మాత్రం అది ఇంకా గీతే.

మెట్లు ఎలా కట్టారు

మద్రాసు సివిల్ కోర్టుల చట్టం 1873లో వచ్చింది. కింద జిల్లా మునసబు, పైన సబార్డినేట్ జడ్జి, ఆ పైన జిల్లా జడ్జి అని అది వేసిన మెట్లే ఇవాళ్టికీ ఉన్నాయి. 1972 చట్టం ఆంధ్రకూ తెలంగాణకూ వేర్వేరుగా నడుస్తున్న పాత చట్టాల స్థానంలో ఒకే ఏర్పాటు తెచ్చింది. కాలక్రమంలో మునసబు కోర్టు జూనియర్ సివిల్ జడ్జి కోర్టయింది, సబ్ కోర్టు సీనియర్ సివిల్ జడ్జి కోర్టయింది. నరసాపురంలోనో రామచంద్రపురంలోనో పాత ప్లీడరు గుమాస్తాలు ఇప్పటికీ మునసబు కోర్టు, సబ్ కోర్టు అనే అంటారు.

దావా ఏ మెట్టు మీద మొదలవ్వాలో ముందుగా తేల్చేది దాని విలువ. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 15 ప్రకారం, ఆ దావాను విచారించే అధికారం ఉన్న కోర్టుల్లో అన్నిటికంటే కింది కోర్టులోనే దాన్ని వేయాలి. ఎంత విలువ దాకా ఏ కోర్టు అన్నది 1972 చట్టం చెబుతుంది. ఆ విలువ ఎలా కట్టాలో 1956 నాటి కోర్టు ఫీజులు, దావాల విలువ నిర్ధారణ చట్టం చెబుతుంది. వినడానికి ఇది గుమాస్తాలు చూసుకునే లెక్కలా ఉంటుంది. నిజానికి కక్షిదారు ఎంత దూరం తిరగాలో ఇక్కడే తేలిపోతుంది.

ఎలాగంటే, పరిమితి చట్టంలోనే అంకెగా రాసి ఉంటుంది. దాన్ని పెంచాలంటే శాసనసభ సవరణ చేయాలి. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఆ అంకె సవరణల మీద సవరణలతో లక్షల్లోకి వచ్చింది. కానీ సవరణకూ సవరణకూ మధ్య ఏళ్లు గడుస్తాయి. ఆ మధ్యలో డెల్టాలో భూమి ధర ఆగదు. భీమవరం చుట్టూ వరి పొలాలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. తణుకు, పాలకొల్లు దగ్గర రోడ్డు పక్క పొలాలు ఇళ్ల స్థలాలు అయ్యాయి. కోనసీమలో కొబ్బరి తోట ధర దాని మీద వచ్చే కాయల ఆదాయంతో సంబంధం లేకుండా పెరిగింది. తండ్రి హయాంలో మునసబు కోర్టులో తేలే అరెకరం పంపకం దావా, కొడుకు హయాంలో అదే అరెకరానికి, అదే తగాదాకు పై కోర్టుకు వెళుతుంది. కుటుంబం ఆదాయం పెరగలేదు, కోర్టు మాత్రం పైకి జరిగింది.

దీని అసలు దెబ్బ అప్పీలు దగ్గర తగులుతుంది. జూనియర్ సివిల్ జడ్జి ఇచ్చిన డిక్రీ, అంటే దావాలో తీర్పు ఉత్తర్వు, మీద అప్పీలు జిల్లాలోనే ఉంటుంది. జిల్లా జడ్జే మొదట విచారించి ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు హైకోర్టుకు, అంటే అమరావతికి వెళుతుంది. సీనియర్ సివిల్ జడ్జి డిక్రీకి విలువను బట్టి దారి మారుతుంది. సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుంచి తిరగేసి, ఎవరు చెప్పింది నిజమో చూసే అవకాశం మొదటి అప్పీలుతోనే ఆఖరు. రెండో అప్పీలులో ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే హైకోర్టు చేయి పెడుతుంది. కాబట్టి గట్టు ఎక్కడుంది, పాలేరు ఎవరి మనిషి, రసీదు మీద వేలిముద్ర ఎవరిది అనే ప్రశ్నలకు చివరి జవాబు అంతర్వేది మనిషికి అమలాపురంలో దొరుకుతుందా, అమరావతిలో దొరుకుతుందా అన్నది విలువ అంకె చేతిలో ఉంది. ఈ అంకెను ధరల సూచీలాంటి దానికి ముడిపెట్టి, కొన్నేళ్లకోసారి దానంతటదే మారేలా చట్టంలో రాయొచ్చు. ప్రతిసారీ బిల్లు కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు.

జిల్లా కోర్టు అనగానే జిల్లా కేంద్రంలోని భవనమే గుర్తొస్తుంది. కానీ కాకినాడ, అమలాపురం, భీమవరం, నరసాపురం లాంటి పట్టణాల్లో కూడా అదనపు జిల్లా జడ్జిలు ఉన్నారు. అదనపు అన్నంత మాత్రాన అధికారం తక్కువని కాదు. రాజ్యాంగం 236వ అధికరణలో జిల్లా జడ్జి అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే అదనపు జిల్లా జడ్జిని కూడా కలిపింది. ప్రిన్సిపల్ జిల్లా జడ్జి అప్పగించిన కేసుల్లో ఆయనకున్న అధికారాలే వీళ్లకూ ఉంటాయి. కోనసీమ మనిషికి రాజమండ్రి ప్రయాణం కొంతైనా తప్పిందంటే ఈ ఏర్పాటు వల్లే. కొత్త భవనాలు, కొత్త జిల్లాల గురించి వినిపించినంత గట్టిగా ఈ అదనపు కోర్టుల గురించి ఎవరూ అడగరు. జనానికి మేలు మాత్రం వీటితోనే ఎక్కువ.

కొన్ని తగాదాలకు విలువతో పని లేదు, రకంతోనే పని. మోటారు ప్రమాదం పరిహారం జిల్లా జడ్జి స్థాయి ట్రిబ్యునల్‌కు వెళుతుంది. విడాకుల కేసు, ఫ్యామిలీ కోర్టు లేని చోట, సీనియర్ సివిల్ జడ్జి దగ్గరికి వెళుతుంది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద ప్రత్యేక కోర్టులు ఉండాలి. డెల్టాకు అన్నిటికన్నా దగ్గరి సంగతి కౌలు. ఇక్కడ పొలం ఒకరిది, సేద్యం ఇంకొకరిది కావడం మామూలు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కింద కౌలు తగాదాల్ని మామూలు దావాగా కాకుండా స్పెషల్ ఆఫీసర్ ముందు నడిపే పద్ధతి వచ్చింది. ఆ స్పెషల్ ఆఫీసర్‌గా పనిచేసింది మరెవరో కాదు, ఊరికి దగ్గరున్న జూనియర్ సివిల్ జడ్జే. అప్పీలు జిల్లా జడ్జికి వెళ్లేది. భూమి విలువ కోట్లలో ఉన్నా కౌలు తగాదా కింది కోర్టులోనే మొదలైందంటే, చట్టం డబ్బును పక్కన పెట్టి మనిషి దూరాన్ని చూసిందన్నమాట. శాసనం తలుచుకుంటే ఇలా రాయగలదు.

లంక ఎవరి పరిధి

స్థిరాస్తి దావా ఆ ఆస్తి ఉన్న చోటి కోర్టులోనే వేయాలన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 16. మెట్ట ప్రాంతంలో దీనికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. డెల్టాలో అలా కుదరదు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. కిందికి పోయేకొద్దీ ఇంకా పాయలవుతుంది. పాయల మధ్య లంకలు. వరదకు ఒక పక్క కోసుకుపోతాయి, ఇంకో పక్క మేట వేస్తాయి. జిల్లా హద్దు, కోర్టు హద్దు చాలాచోట్ల నదే. నది జరిగితే, మేట వేసిన కొత్త నేల ఎవరి పరిధిలోది? ఆ నేల మీద కూరగాయలు, పొగాకు, అరటి వేసుకున్నవాడు ఏ కోర్టుకు వెళ్లాలి?

సివిల్ ప్రొసీజర్ కోడ్ రాసినవాళ్లకు ఈ ఇబ్బంది తెలుసు. సెక్షన్ 18 అందుకే ఉంది. ఆస్తి రెండు కోర్టుల్లో ఎవరి హద్దులో ఉందో అనుమానంగా ఉందని ఎవరైనా చెబితే, ఆ కోర్టుల్లో ఏదో ఒకటి ఆ అనుమానానికి ఆధారం ఉందని తృప్తి పడి, ఆ మాట రికార్డులో రాసి, కేసును విచారించవచ్చు. ఆ డిక్రీ, ఆస్తి తన హద్దులోనే ఉన్నప్పుడు ఇచ్చిన డిక్రీ అంత చెల్లుతుంది. అప్పుడు ఆ మాట రాయకుండా విచారించినా, తర్వాత పై కోర్టులో పరిధి మీద అభ్యంతరం పెట్టి డిక్రీని కొట్టేయించడం తేలిక కాదు. అసలు అనుమానానికే ఆధారం లేదని, దానివల్ల న్యాయం దెబ్బతిందని చూపించాలి. లంక రైతులకు ఈ ఒక్క సెక్షన్ ఎంత పనికొస్తుందో ఎంత చెప్పినా తక్కువే. పరిధి తేలే దాకా పంట ఆగదు కదా.

దాని ముందున్న సెక్షన్ 17 ఉమ్మడి కుటుంబాల పంపకాలకు పనికొస్తుంది. రాజోలు వైపు తోట, చించినాడ వంతెన దాటితే పాలకొల్లు వైపు పొలం ఉన్న కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఒడ్డుకో దావా వేయక్కర్లేదు. రెండు చోట్లలో ఎక్కడైనా ఒకే దావా వేసి మొత్తం ఆస్తి పంచుకోవచ్చు. మనం వేసింది తప్పు పరిధిలో అని అవతలివాళ్లు చెప్పదలచుకుంటే, సెక్షన్ 21 ప్రకారం మొదట్లోనే, విచారణాంశాలు ఖాయం కాకముందే చెప్పాలి. ఏళ్ల తరబడి కేసు నడిపి, ఓడిపోయాక గుర్తొచ్చిందంటే మామూలుగా వినరు.

కత్తులు, కర్రల దాకా వచ్చే తగాదాల్లో ఇంకో దారి ఉంది. ఊళ్లలో నూట నలభై అయిదు పెట్టారు అంటారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆ సెక్షన్ కొత్త సంహితలో 164 అయింది. అది జడ్జి పని కాదు, తహసీల్దారు లేదా ఆర్డీవో స్థాయిలోని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ పని. ఆయన చూసేది ఆ సమయానికి నేల ఎవరి స్వాధీనంలో ఉందన్నదే. హక్కు ఎవరిదో తేల్చే అధికారం ఆయనకు లేదు, అది సివిల్ కోర్టు చేయాల్సిందే. ఈ తేడా తెలియక, ఆర్డీవో ఉత్తర్వు చేతికి రాగానే భూమి తమదైపోయిందని నిశ్చింతగా ఉండిపోయి నష్టపోయేవాళ్లు ఉంటారు.

హద్దుల సంగతిలో యానాం గురించి చెప్పకుండా ముందుకు పోలేం. గౌతమి ఒడ్డున, చుట్టూ ఆంధ్రప్రదేశ్, భాష తెలుగు, బంధుత్వాలు కాకినాడ, కోనసీమలతో. కోర్టులు మాత్రం వేరే చెట్టు కొమ్మలు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడి సివిల్ కోర్టులు 1966 నాటి పాండిచ్చేరి సివిల్ కోర్టుల చట్టం కిందివి. వాటిపై హైకోర్టు మద్రాసు హైకోర్టు. ఎదుర్లంక వంతెనకు ఇటు ఉన్న స్థలానికి పై కోర్టు అమరావతిలో ఉంటే, అటు ఉన్న స్థలానికి వందల కిలోమీటర్ల దూరాన చెన్నైలో ఉంటుంది. తెలుగులో నమోదైన సాక్ష్యం తమిళ నేల మీద ఇంగ్లీషు అనువాదంగా చేరుతుంది. యానాం వాళ్ల ఈ ఇబ్బంది మీద ఆంధ్రలో చర్చే లేదు, ఉండాలి.

ఒకే జడ్జి, రెండు బాధ్యతలు

క్రిమినల్ వైపు గీతల్ని 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత గీస్తోంది. రాష్ట్రంలో సెషన్స్ డివిజన్లు, అంటే పెద్ద నేరాలు విచారించే సెషన్స్ కోర్టుల పరిధులు, ఉంటాయి, ఒక్కో డివిజన్‌లో ఒక జిల్లా గానీ కొన్ని జిల్లాలు గానీ ఉండొచ్చు. అంటే మూడు రెవెన్యూ జిల్లాలకు ఒకే సెషన్స్ డివిజన్ ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది. జిల్లా జడ్జి, సెషన్స్ జడ్జి ఒకే మనిషి. చిన్న పట్టణంలో జూనియర్ సివిల్ జడ్జి, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కూడా చాలాచోట్ల ఒకరే. పొద్దున రిమాండు రిపోర్టు చూసి, మధ్యాహ్నం ఈస్మెంట్ (పక్కవాడి నేల మీదుగా దారి, నీళ్ల హక్కు) దావాలో సాక్షిని వినే జడ్జి మీద ఎంత టెన్షన్ ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. రిమాండు ఆగదు కాబట్టి సివిల్ కేసే వెనక్కి పోతుంది. పంపకం దావాలు ఏళ్లూ పూళ్లూ సాగడానికి ఇదీ ఒక పెద్ద కారణం.

ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ మూడేళ్ల దాకా శిక్ష వేయగలరు. జరిమానా పరిమితి పాత చట్టంలో 10,000 రూపాయలు, కొత్త సంహితలో 50,000. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ ఏడేళ్ల దాకా వేయగలరు. సెషన్స్ జడ్జి ఏ శిక్షయినా వేయగలరు, మరణశిక్షకు మాత్రం హైకోర్టు ధ్రువీకరణ కావాలి. కొత్త సంహిత ఒక మెట్టును పూర్తిగా తీసేసింది. పాత చట్టంలో అసిస్టెంట్ సెషన్స్ జడ్జి అనే స్థాయి ఉండేది, పదేళ్ల దాకా శిక్ష వేసే అధికారంతో. మన దగ్గర సీనియర్ సివిల్ జడ్జిలే ఆ పని చూసేవాళ్లు. ఇక అలాంటి కేసులు సెషన్స్ స్థాయికే వెళ్లాలి. పార్లమెంటులో ఒక మెట్టు తీస్తే నరసాపురం, రామచంద్రపురం లాంటి ఊళ్లలో సాక్షుల ప్రయాణం మారుతుంది. తగినన్ని అదనపు సెషన్స్ కోర్టులు ఇవ్వకుండా ఈ మెట్టు తీయడం సరైన పని కాదు.

ఈ సంహితలో చాలామంది గమనించని ఒక వీలు ఉంది. కక్షిదారులకు, సాక్షులకు అనుకూలంగా ఉంటుందనుకుంటే, రెండు పక్షాలూ ఒప్పుకుంటే, సెషన్స్ కోర్టు ఒక కేసు కోసం మామూలు చోట కాకుండా ఇంకో చోట కూర్చోవచ్చు. పాత కోడ్‌లోనూ ఇది ఉండేది. వరదల రోజుల్లో పడవల మీద తిరిగే లంక గ్రామాల సాక్షులకు ఇది అక్కరకొచ్చే ఏర్పాటు. కానీ చట్టంలో ఉన్నదాన్ని అడిగేవాళ్లూ ఉండాలి.

జడ్జిని పంపేది ఎవరు

కోర్టు పెట్టడం ఒకరి చేతిలో, జడ్జిని వేయడం ఇంకొకరి చేతిలో, జీతం, భవనం, సిబ్బంది మూడో వాళ్ల చేతిలో ఉన్నాయి. కోర్టుల స్వరూపం మీద చట్టం చేసే అధికారం మొదట రాష్ట్రాల జాబితాలో ఉండేది. రాజ్యాంగం 42వ సవరణ దాన్ని ఉమ్మడి జాబితాలోకి, 11ఎ అంశంగా మార్చింది. అందుకే ఇప్పుడు శాసనసభా, పార్లమెంటూ రెండూ ఇందులో చేయి పెట్టగలవు. జడ్జిల విషయంలో మాత్రం రాజ్యాంగం 233 నుంచి 237 దాకా అధికరణల్లో చాలా జాగ్రత్త తీసుకుంది. జిల్లా జడ్జిని గవర్నర్ హైకోర్టును సంప్రదించి నియమిస్తారు. కింది జడ్జిల నియామకానికి నియమాలు ఉంటాయి, ఇక్కడ అవి 2007 నాటి రాష్ట్ర జ్యుడీషియల్ సర్వీసు నియమాలు. పరీక్ష పెట్టేది హైకోర్టే. 235వ అధికరణ కింద కోర్టుల మీద నియంత్రణంతా హైకోర్టుదే. జిల్లా జడ్జి బదిలీ కూడా ప్రభుత్వం చేతిలో లేదని సుప్రీంకోర్టు 1960ల్లోనే తేల్చింది. స్థానిక నాయకుడికి కోపం వస్తే తహసీల్దారు మారొచ్చు, మునసబు కోర్టు జడ్జి మారరు. ఈ ఒక్క రక్షణ కోసం మిగతా ఆలస్యాల్ని కొంత భరించవచ్చు.

ఎంపిక నియమాల్లో 2025లో పెద్ద మార్పులు వచ్చాయి. మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలన్న పాత షరతును తిరిగి తెచ్చింది. 2002లో తీసేసిన షరతు అది. జిల్లా జడ్జి పోస్టుల్లో సీనియారిటీ, ప్రతిభ మీద పదోన్నతికి సగం, సర్వీసులో ఉన్న జడ్జిలకే పెట్టే పరిమిత పోటీ పరీక్షకు పావు, బయటి నుంచి నేరుగా వచ్చే న్యాయవాదులకు పావు అని మళ్లీ ఖాయం చేసింది. అక్టోబరు 9న రాజ్యాంగ ధర్మాసనం ఇంకో తలుపు తెరిచింది. న్యాయవాదిగా, జడ్జిగా కలిపి ఏడేళ్ల అనుభవం ఉన్న జ్యుడీషియల్ అధికారులు కూడా నేరుగా జరిగే నియామకానికి పోటీ పడవచ్చంది.

మూడేళ్ల షరతు మీద అభ్యంతరాలు ఉన్నాయి. పేద ఇళ్ల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఆదాయం లేని ఆ మూడేళ్లు భారమన్నది నిజమైన మాటే. వాళ్లకు స్టైపెండ్ ఇవ్వాలి. అయినా ఆ షరతు ఈ ప్రాంతానికి మేలే చేస్తుంది. స్థలం చూసి రావడానికి కోర్టు పంపే అడ్వకేట్ కమిషనర్ వెంట వెళ్లి సర్వేయరు గొలుసు పట్టడం చూసినవాళ్లకు, బోదె నీళ్ల మీద రెండు పొలాల మధ్య రగిలే గొడవ విన్నవాళ్లకు, చెరువు లీజు కాగితంలో రాయని షరతులు ఎన్ని ఉంటాయో తెలిసినవాళ్లకు సాక్షి మాటలో నిజం త్వరగా పట్టుబడుతుంది. అవన్నీ కోచింగ్ సెంటర్‌లో దొరికేవి కావు.

జడ్జి లేకపోతే మాత్రం ఏ నియమమూ పనికిరాదు. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జిలు ఉండేలా అయిదేళ్లలో పెంచాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. దేశం ఇంకా అందులో సగానికి కూడా చేరలేదు. ఖాళీలు ఎప్పుడు ప్రకటించాలి, పరీక్ష ఎప్పుడు పెట్టాలి, నియామకం ఎప్పటికి పూర్తవ్వాలి అనేదానికి 2007లో మాలిక్ మజహర్ సుల్తాన్ కేసులో క్యాలెండరే ఇచ్చింది. చిన్న పట్టణంలో జడ్జి బదిలీ అయి పోస్టు ఖాళీగా ఉంటే పక్క ఊరి జడ్జి ఇన్‌చార్జిగా వస్తారు. అత్యవసరమైనవి చూస్తారు, మిగతావాటికి వాయిదా. కోర్టు ఉన్నట్టే లెక్క, పని జరగదు.

అధికారం తీసేసే చట్టాలు

కేసును మొదట విచారించే ట్రయల్ కోర్టును రూపుదిద్దే చట్టాల గురించి మాట్లాడేటప్పుడు, కోర్టు పేరెత్తకుండానే దాని పని పట్టుకుపోయే చట్టాల్ని కూడా చూడాలి. చట్టం స్పష్టంగా గానీ పరోక్షంగా గానీ అడ్డు చెప్పని ప్రతి సివిల్ తగాదానూ సివిల్ కోర్టు వినవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 9 అంటుంది. ఆ అడ్డు ఎప్పుడు వేయాలన్నది శాసనసభ ఇష్టం. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చిన ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం సరిగ్గా ఆ పని చేసింది. భూమి హక్కు ఎవరిదనే తగాదాను సివిల్ కోర్టుల నుంచి తీసి, ప్రభుత్వం నియమించే టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారికి, ఆ పైన అప్పిలేట్ అధికారికి అప్పగించింది. రాష్ట్రమంతటా న్యాయవాదులు విధులు బహిష్కరించారు. కొందరు దాన్ని ప్లీడర్ల ఉపాధి గొడవగా కొట్టిపారేశారు. అది సరికాదు. 235వ అధికరణ రక్షణ జడ్జికి ఉంది గానీ ఆ అధికారికి లేదు. భూమి మీద ప్రభుత్వానికీ రైతుకూ తగాదా వస్తే తేల్చేది ప్రభుత్వం బదిలీ చేయగల ఉద్యోగి అవుతాడు. 2024లో కొత్త శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఆ అధికారం మళ్లీ మునసబు కోర్టులకు, సబ్ కోర్టులకు వచ్చింది. కానీ ఇంకో పేరుతో అలాంటి చట్టం మళ్లీ రాదన్న హామీ ఏమీ లేదు.

2008 నాటి గ్రామ న్యాయాలయాల చట్టం దీనికి ఎదురు దిక్కు. ఊరి దగ్గరికే న్యాయాధికారి వచ్చి చిన్న కేసులు తేల్చాలని అది ఆశించింది. కానీ పెట్టడం, పెట్టకపోవడం రాష్ట్రం ఇష్టానికి వదిలేసింది. ఇష్టానికి వదిలేసిన చోట డబ్బు ఖర్చు పెట్టే తొందర ఎవరికీ ఉండదు.

ఈ తొందర కోసమే చట్టంలో మాట ఉండాలి. 1974 జిల్లాల చట్టానికి ఒక చిన్న సవరణ చాలు. రెవెన్యూ హద్దులు మార్చే ప్రతి నోటిఫికేషన్ ముసాయిదా దశలోనే హైకోర్టుకు వెళ్లాలి. తుది నోటిఫికేషన్ తర్వాత ఏడాదిలోగా కోర్టుల హద్దులు మారుస్తున్నామనో, పాతవే ఉంచుతున్నామనో కారణాలతో సహా ప్రకటించాలి. హైకోర్టు వద్దంటే వద్దు, ఆ అధికారం దానిదే. కానీ వద్దన్న కారణం కక్షిదారుకు తెలియాలి. అమలాపురంలో పూర్తి స్థాయి జిల్లా కోర్టు రావాలా, ఇప్పుడున్న అదనపు కోర్టులే పెంచితే సరిపోతుందా అన్నది లెక్కలు చూసి తేల్చాల్సిన సంగతి. కొవ్వూరు విషయంలో అంత ఆలోచన కూడా అక్కర్లేదు. ఏలూరు రికార్డు గదిలో ఉన్న కట్టల్ని వంతెన దాటించడానికి సిబ్బంది, గదులు, కొంత డబ్బు కావాలి. పెండింగులో ఉన్న అప్పీళ్లను ఏ తేదీ నుంచి రాజమండ్రికి బదిలీ చేయాలో నోటిఫికేషన్‌లో స్పష్టంగా రాయాలి, లేకపోతే పరిధి మీదే కొత్త పిటిషన్లు పుట్టుకొస్తాయి.